ఖాతాలు పరాయి చేతికి పోకుండా: ఈమెయిల్ నుంచి మొదలుపెట్టండి

పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉంటే ఖాతా భద్రంగా ఉన్నట్టేనని చాలామంది ధీమా. ఖాతాలు పోయే తీరు చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. దొంగ మీ లాగిన్ పేజీ ముందు కూర్చుని పాస్‌వర్డ్ ఊహించడం అరుదు. చాలాసార్లు అది ముందే వాడి దగ్గర ఉంటుంది. ఏదో ఒక సైటు డేటాబేస్ బయటపడుతుంది. అందులోని ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను ఒక ప్రోగ్రాం వందల సైట్లలో వరసబెట్టి వేసి చూస్తుంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు టైపు చేసినవి చేసినట్టే బయటికొచ్చాయి. పాస్‌వర్డ్‌లు ఛేదించే పనిముట్లతో పాటు ఆ జాబితా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. లింక్డ్‌ఇన్‌లో 2012లో పోయినవి 65 లక్షలే అనుకున్నారు. 2016లో 11.7 కోట్లు అమ్మకానికి వచ్చాయి. ఈ నాలుగేళ్లూ అదే పాస్‌వర్డ్‌ను వేరే చోట్ల వాడుతూ వచ్చినవాళ్లకు తమ పాస్‌వర్డ్ ఎప్పుడో పోయిందనే తెలియదు.

కాబట్టి ఏ రెండు ఖాతాలకూ ఒకే పాస్‌వర్డ్ ఉండకూడదు. ఒకే మాటకు చివర సైటు పేరు తగిలిస్తే అది వేరే పాస్‌వర్డ్ కింద లెక్క కాదు. ఒకటి చూసినవాడికి మిగతావన్నీ అర్థమైపోతాయి.

ఇంకోటి దొడ్డిదారి. ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అన్నచోట నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఈమెయిల్‌కి వస్తుంది. ఈమెయిల్ చేజిక్కితే చాలు, మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లతో దొంగకు పనే లేదు. అందుకే ఈ పని మొదలుపెట్టాల్సింది బ్యాంకు ఖాతాతో కాదు, ఈమెయిల్‌తో.

ఈమెయిల్‌లో ఎక్కడెక్కడ వెతకాలి

జీమెయిల్ వాడేవాళ్లు గూగుల్ ఖాతా పేజీలో సెక్యూరిటీ విభాగం తెరవండి. ఔట్‌లుక్, యాహూ ఖాతాల్లోనూ ఇలాంటి పేజీ ఉంటుంది. ముందు రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ చూడండి. వాడటం మానేసిన నంబరు ఉంటే ఇప్పుడే తీసేయండి. వదిలేసిన నంబర్లను టెలికాం కంపెనీలు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తాయి. ఆ తర్వాత మీకు రావాల్సిన కోడ్ వాళ్ల ఫోన్‌లో మోగుతుంది. రికవరీ ఈమెయిల్ ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత ఖాతా అయితే దాని సంగతీ చూడాలి. ఏడాదికి పైగా ఎవరూ తెరవని ఐడీలను యాహూ 2013లో వేరేవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి ఐడీ మీ ముఖ్యమైన ఖాతాకు రికవరీ చిరునామాగా ఉంటే, కొత్త యజమాని చేతికి మీ తాళంచెవి ఇచ్చినట్టే.

ఏ ఖాతా పోతే ఏది దాన్ని తిరిగి తెస్తుందో కాగితం మీద బాణాలు గీసి చూడండి. ఐదు నిమిషాల పని. చాలామందికి ఆ బాణాలన్నీ వెళ్లి పదేళ్ల కిందటి పాస్‌వర్డ్ ఉన్న ఏదో ఒక పాత ఈమెయిల్ దగ్గర ఆగుతాయి. ఆ ఈమెయిల్‌నైనా గట్టిచేయాలి, లేదా బాణాన్ని వేరేవైపు తిప్పాలి.

ఇక ఫిల్టర్లు, ఫార్వార్డింగ్. ఎవరూ చూడని చోటు ఇదే, అందుకే దొంగకు ఇష్టం. లోపలికి వచ్చినవాడు పాస్‌వర్డ్ మార్చి హడావుడి చేయడు. ఉదాహరణకు ‘చెల్లింపు’ అనే మాట ఉన్న ఉత్తరాలన్నీ ఫలానా చిరునామాకు పంపు, చదివినట్టు గుర్తు పెట్టు, చెత్తబుట్టలో వేయి అని ఒక ఫిల్టరు పెట్టి బయటికి పోతాడు. మీ ఇన్‌బాక్స్ మామూలుగానే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టరు చెక్కుచెదరదు. జీమెయిల్‌లో దీన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లోనే చూడాలి, ఫోన్ యాప్‌లో కనిపించదు. గేరు బొమ్మ నొక్కి ‘సీ ఆల్ సెట్టింగ్స్’కి వెళ్లి, ఫిల్టర్స్ ట్యాబు, ఫార్వార్డింగ్ ట్యాబు రెండూ తెరిచి చూడండి. మీరు పెట్టని వరస ఒక్కటి కనిపించినా ఖాతాలోకి ఎవరో వచ్చి వెళ్లారని అర్థం.

లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో అమ్మేసిన ఫోన్లు, పాత ఆఫీసు కంప్యూటర్లు ఉంటే సైన్ అవుట్ చేయండి. మీ ఖాతాలోకి తొంగిచూడటానికి అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా కూడా పక్కనే ఉంటుంది. ఎప్పుడో ఒక ఆటకో క్విజ్‌కో ఇచ్చిన అనుమతి చాలా సేవల్లో పాస్‌వర్డ్ మార్చినా అలాగే ఉండిపోతుంది. గుర్తుపట్టలేనివన్నీ తీసేయండి. నిజంగా అవసరమైనదైతే అదే మళ్లీ అడుగుతుంది.

బుర్రలో పెట్టుకోవాల్సినవి మూడే

పాస్‌వర్డ్‌లన్నిటినీ తాళం వేసి దాచిపెట్టే ప్రోగ్రాం, అంటే పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఒకటి, ఈమెయిల్‌కి ఒకటి, ఫోన్ లేదా కంప్యూటర్ తెరవడానికి ఒకటి. గుర్తుంచుకోవాల్సినవి ఇంతే. మిగతావన్నీ మేనేజర్ చేత తయారుచేయించి అందులోనే ఉంచాలి.

ఈ మూడూ పొడవుగా ఎందుకుండాలో లెక్క వేస్తే తెలుస్తుంది. సైట్లు పాస్‌వర్డ్‌ను హ్యాష్ అనే రూపంలోకి మార్చి దాచుకుంటాయి. దాన్ని వెనక్కి తిప్పి పాస్‌వర్డ్ రాబట్టలేం. డేటాబేస్ దొంగిలించినవాడు ఒక్కో మాటనూ హ్యాష్ చేసి సరిపోతుందేమో చూసుకుంటూ పోతాడు. ఎండీ5 లాంటి పాత పద్ధతి వాడిన సైటు అయితే ఒక్క గ్రాఫిక్స్ కార్డుతోనే సెకనుకు వెయ్యి కోట్లకు పైగా ప్రయత్నాలు చేయవచ్చు. వెయ్యి కోట్లే అనుకుందాం. ఎనిమిది చిన్నక్షరాలతో అయ్యే పాస్‌వర్డ్‌లు మొత్తం దాదాపు 20,900 కోట్లు. అన్నీ 21 సెకన్లలో తేలిపోతాయి. ‘ఏ’ బదులు ‘ఎట్’ గుర్తు, ‘ఓ’ బదులు సున్నా పెట్టినా లాభం లేదు. ఛేదించే ప్రోగ్రాంలకు ఆ మార్పులన్నీ ముందే నేర్పి ఉంటారు.

అదే వేగానికి మాటల వరస ఎలా నిలబడుతుందో చూడండి. 7,776 మాటల జాబితా నుంచి యాదృచ్ఛికంగా నాలుగు మాటలు తీస్తే అన్ని కూర్పులూ ప్రయత్నించడానికి నాలుగు రోజుల పైచిలుకు. ఐదు తీస్తే 90 ఏళ్లు. ఆరు తీస్తే ఏడు లక్షల ఏళ్లు. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో చెప్పిన డైస్‌వేర్ పద్ధతి ఇదే. ఐదు పాచికలు వేస్తే ఐదంకెల సంఖ్య వస్తుంది. జాబితాలో ఆ సంఖ్య పక్కనున్న మాట రాసుకోవాలి. ఇలా ఆరుసార్లు. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2016లో సులువైన మాటలతో ఇలాంటి జాబితా ఇచ్చింది. పాచికలు లేకపోతే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పాస్‌ఫ్రేజ్ జనరేటర్ ఉంటుంది, ఆరు మాటలు అడగండి.

మాటలు మీరు ఎంచుకోకూడదు, అసలు కిటుకు అక్కడే. మనిషి తనకు తోచిన ఆరు మాటలు చెప్పమంటే పిల్లల పేర్లు, దేవుడి పేర్లు, ఇష్టమైన హీరో, ఎదురుగా కనిపించే వస్తువులు వస్తాయి. పాట పల్లవి, పద్యపాదం, సామెత ఎంత పొడవున్నా పనికిరావు. అచ్చయినదేదైనా ఛేదించేవాళ్ల జాబితాల్లోకి చేరుతుంది. ‘జల్లెడ ఇటుక నెమలి పదహారు దూది కొలిమి’ లాంటి పొంతన లేని వరస కావాలి. ఇక్కడ అచ్చయింది కాబట్టి దీన్ని మాత్రం వాడకండి. వచ్చిన వరస నచ్చలేదని మళ్లీ మళ్లీ వేయకూడదు కూడా. నచ్చినది వచ్చేదాకా వేస్తే ఎంచుకున్నట్టే అవుతుంది.

తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవాలనుకునేవాళ్లు స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోవాలి. దీర్ఘానికి అక్షరం రెండుసార్లా ఒకసారా, ఒత్తుకి ‘హెచ్’ పెట్టాలా వద్దా అన్నచోటే నెల తర్వాత చేయి ఆగుతుంది. తెలుగు లిపిలోనే పెట్టుకోవడం వద్దు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు వచ్చే తెరమీద తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. అది అటుంచితే, చాలా సైట్లు వాడే బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి మొదటి 72 బైట్లనే చూస్తుంది. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, ఒత్తులోని పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు తింటాయి. అంటే 24 గుర్తులు దాటిన తర్వాత మీరు టైపు చేసింది లెక్కలోకే రాకపోవచ్చు. పై ఉదాహరణ తెలుగు లిపిలో అయితే ఐదో మాట పూర్తికాకుండానే ఆ హద్దు వచ్చేస్తుంది.

ఇలా తయారైనదాన్ని మూడు నెలలకోసారి మార్చాల్సిన పని లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే గడువు పెట్టి మార్పించడం వద్దని చెప్పింది. మార్చమంటే జనం చివరి అంకె పెంచి ఊరుకుంటారు. లీకైందని తెలిసినప్పుడో, ఎవరికైనా తెలిసిందని అనుమానం వచ్చినప్పుడో మార్చండి. లీకైందో లేదో భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైటులో ఈమెయిల్ ఇచ్చి చూసుకోవచ్చు. పాస్‌వర్డ్‌ను కూడా అక్కడే చూసుకునే వీలుంది. పూర్తి పాస్‌వర్డ్ సైటుకు వెళ్లదు, దాని హ్యాష్‌లో మొదటి ఐదు అక్షరాలే వెళ్తాయి. ఈ సేవను అనుకరిస్తూ పాస్‌వర్డ్ మొత్తం అడిగే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోవద్దు.

పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మారడం

బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ మీ ఖజానాను తాళం వేసి తమ సర్వర్‌లో ఉంచుతాయి, కాబట్టి అన్ని పరికరాల్లోనూ దొరుకుతుంది. కీపాస్‌ఎక్స్‌సీ దాన్ని మీ దగ్గరే ఒక ఫైలుగా ఉంచుతుంది. ఆ ఫైలు కాపీలు దాచుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది మంచిది, లేకపోతే డిస్కు పాడైన రోజు అన్నీ పోతాయి. బ్రౌజర్‌లో ఉండే మేనేజర్ చిన్నచూపు చూడాల్సినదేం కాదు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడటంకంటే అది వెయ్యి రెట్లు నయం.

‘మేనేజర్‌నే దోచుకుంటే?’ అని అడుగుతారు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి ఖాతాదారుల ఖజానాల కాపీలు పోయాయి. లోపలి పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది గానీ, సైట్ల చిరునామాలకు లేదు. మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవాళ్లూ, తాళాన్ని గట్టిచేసే సెట్టింగు పాత స్థాయిలోనే ఉండిపోయినవాళ్లూ ఇరుకున పడ్డారు. ఆరు మాటల మాస్టర్ పాస్‌వర్డ్ కావాలనేది ఇలాంటి రోజు కోసమే. తాళాన్ని గట్టిచేసే ఆ సెట్టింగు మీ మేనేజర్ భద్రతా సెట్టింగుల్లో పీబీకేడీఎఫ్2 అనే పద్ధతి పేరుతో ఉంటే పక్కనున్న సంఖ్య 6,00,000కి తగ్గకూడదు. దాని బదులు ఆర్గాన్2ఐడీ అనే పద్ధతి ఎంచుకునే వీలుంటే అదే మేలు.

ఒక్కరోజులో అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చాలని కూర్చుంటే ఇరవయ్యో ఖాతాకు విసుగొస్తుంది, తప్పులు దొర్లుతాయి. ఈమెయిల్, డబ్బుకు సంబంధించిన ఖాతాలు, ఫోన్‌కి తాళమైన ఆపిల్ లేదా గూగుల్ ఖాతా, సిమ్ కంపెనీ ఖాతా, సోషల్ మీడియా. ఇవి ఈ వారంలో. మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు.

ఒక్కో ఖాతాకూ చేయాల్సింది ఇది:

1. మేనేజర్‌లో 20 అక్షరాల పాస్‌వర్డ్ తయారుచేయండి. ముందు మేనేజర్‌లో సేవ్ చేసి, ఆ తర్వాతే సైటులో ఇవ్వండి. తిరగేసి చేస్తే, పేజీ మూసుకుపోయిన క్షణంలో కొత్త పాస్‌వర్డ్ గాలికి పోతుంది.
2. లాగౌట్ అయి, మేనేజర్ నుంచే మళ్లీ లాగిన్ అవ్వండి. కొన్ని సైట్లు 16 అక్షరాల తర్వాతివి చెప్పకుండా కత్తిరించి దాచుకుంటాయి, లాగిన్ పేజీలో మాత్రం మొత్తం పోల్చి తప్పంటాయి. అలా జరిగితే రీసెట్ చేసి 16 అక్షరాలది పెట్టండి.
3. బ్రౌజర్ కూడా సేవ్ చేయనా అని అడిగితే వద్దనండి, ఆ సెట్టింగే ఆపేయండి. రెండుచోట్ల ఉంటే పాతది వచ్చి కూర్చుంటుంది, ఖాతా లాక్ అయ్యేదాకా సంగతి తెలియదు.
4. ‘మీ మొదటి బడి పేరేమిటి’ లాంటి ప్రశ్నలుంటే నిజం చెప్పకండి. ఆ జవాబులు మీ ప్రొఫైల్‌లోనో బంధువుల పోస్టుల్లోనో దొరుకుతాయి. ఏదో ఒక పొంతన లేని మాట ఇచ్చి మేనేజర్ నోట్స్‌లో రాసుకోండి.

బ్రౌజర్ నుంచి పాత పాస్‌వర్డ్‌లు మేనేజర్‌లోకి తేవడానికి సీఎస్‌వీ ఫైలు దింపుకుంటే, పని అవగానే దాన్ని డౌన్‌లోడ్స్ నుంచీ రీసైకిల్ బిన్ నుంచీ తీసేయండి. ఆ ఫైలుకు ఏ తాళమూ ఉండదు. ఫోల్డరు క్లౌడ్‌కి సింక్ అవుతుంటే అక్కడి కాపీ కూడా చూడాలి.

మేనేజర్‌తో ఇంకో లాభం ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. అది సైటు చిరునామా చూసి పాస్‌వర్డ్ నింపుతుంది. ఒక అక్షరం తేడా ఉన్న నకిలీ పేజీ మనిషి కంటికి అసలులాగే ఉంటుంది, మేనేజర్ మాత్రం నింపదు. ఎప్పుడూ తనంతట తాను నిండే పాస్‌వర్డ్ ఈరోజు నిండలేదంటే, కాపీ చేసి అతికించే ముందు ఆగి చిరునామా చదవండి.

రెండో అంచె

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ కనీసం ఈమెయిల్‌కి, డబ్బు ఖాతాలకు, మేనేజర్‌కి పెట్టాలి. వీటిలో ఎస్ఎంఎస్ ఓటీపీ అన్నిటికంటే బలహీనం. సిమ్ కంపెనీ సిబ్బందిని మోసం చేసి మీ నంబరును తమ సిమ్‌కి మార్పించుకునే దొంగలున్నారు. 2019లో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతా నుంచే ఇతరులు పోస్టులు పెట్టింది ఈ దారిలోనే. కారణం లేకుండా ఫోన్‌లో సిగ్నల్ పూర్తిగా పోయి, పక్కవాళ్లకు అదే నెట్‌వర్క్ వస్తుంటే వెంటనే వేరే ఫోన్ నుంచి కంపెనీకి చెప్పండి. అయినా ఎస్ఎంఎస్ తప్ప వేరే దారి ఇవ్వని సైటులో అదే పెట్టుకోండి. ఏమీ లేనిదానికంటే అది మేలు.

ఆథెంటికేటర్ యాప్ ఇంకాస్త గట్టిది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్యం ఫోన్‌లోకి వస్తుంది. ఆ రహస్యాన్నీ ప్రస్తుత సమయాన్నీ కలిపి యాప్ 30 సెకన్లకో కొత్త ఆరంకెల కోడ్ లెక్కగడుతుంది. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంటే ఫోన్‌లో సమయం ఆటోమేటిక్‌గా ఉందో లేదో చూడండి. చాలాసార్లు లోపం అక్కడే. ఈ కోడ్‌ను కూడా నకిలీ పేజీలో కొట్టించుకుని, 30 సెకన్లు దాటకముందే అసలు సైటులో వాడేసే దొంగలు ఉన్నారని మరవద్దు.

ఫోన్‌లో ‘మీరేనా’ అని అడిగే నోటిఫికేషన్‌కి ఇంకో తలనొప్పి ఉంది. పాస్‌వర్డ్ తెలిసినవాడు అర్ధరాత్రి పదేపదే పంపుతూ ఉంటాడు, విసిగి ఒక్కసారి అవునంటే చాలు. 2022లో ఉబర్‌లోకి అలాగే దూరారు. మీరు లాగిన్ అవ్వకుండా అలాంటి నోటిఫికేషన్ వచ్చిందంటే పాస్‌వర్డ్ పోయిందన్నమాట. కాదని నొక్కి, వెంటనే మార్చండి.

నకిలీ పేజీకి లొంగనివి సెక్యూరిటీ కీ (విడిగా కొనుక్కునే చిన్న పరికరం), పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే తాళంచెవి). వీటిలో రహస్యం పరికరం నుంచి సైటుకు వెళ్లదు, అసలు చిరునామా కాకపోతే పరికరం జవాబే ఇవ్వదు. ఎక్కడ పాస్‌కీ పెట్టమని అడిగితే అక్కడ పెట్టుకోండి. కీ కొంటే రెండు కొని రెండూ నమోదు చేయండి. ఒక్కటే ఉంటే అది పోయిన రోజు మీరూ బయటే.

మన ఖాతా నుంచి మనమే బయట పడిపోవడం దొంగతనమంత మామూలు విషయం. ఎక్కువగా కొత్త ఫోన్ కొన్నప్పుడు జరుగుతుంది. పాత ఫోన్ చెరిపేసి ఇచ్చేశాక ఆథెంటికేటర్ కోడ్‌లు కొత్తదాంట్లోకి రాలేదని తెలుస్తుంది. కొత్త ఫోన్‌లో కోడ్‌లతో రెండు మూడు ఖాతాల్లోకి నిజంగా లాగిన్ అయి చూశాకే పాతది చెరపండి. టూ-స్టెప్ పెట్టినప్పుడే, ఫోన్ లేని రోజు లోపలికి రావడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు తీసి ఉంచుకోవాలి. గూగుల్ ఒకసారికి పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, కొత్త పది తీస్తే పాతవి చెల్లవు. వాటి స్క్రీన్‌షాట్ ఫోన్ గ్యాలరీలో పెట్టుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. కాగితం మీద రాయండి.

వాట్సాప్ సంగతి ప్రత్యేకం, దానికి పాస్‌వర్డే లేదు. తెలిసినవాళ్ల నంబరు నుంచే ‘పొరపాటున నీకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపవా’ అని మెసేజ్ వస్తుంది. ఆ కోడ్ మీ వాట్సాప్‌ను ఇంకో ఫోన్‌లో తెరిచేది. పంపమన్న స్నేహితుడి ఖాతా అప్పటికే పోయి ఉంటుంది. సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోండి. లింక్డ్ డివైసెస్‌లో మీది కాని కంప్యూటర్ ఉంటే తీసేయండి.

ఖాతా ఇప్పటికే పోయి ఉంటే

కంగారులో ముందు పాస్‌వర్డ్ మార్చేస్తారు. అదే కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రాం ఉంటే కొత్తది కూడా నేరుగా వాడికే చేరుతుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో, ఆటల చీట్‌లతో వచ్చే దొంగ ప్రోగ్రాంలు పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. కుకీ అంటే ‘ఇతను ఇప్పటికే లాగిన్ అయ్యాడు’ అని సైటు ఇచ్చిన చీటీ. అది దొంగ చేతిలో ఉంటే సైటు వాడిని పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. కాబట్టి అనుమానం లేని వేరే పరికరం నుంచి ఈ వరసలో చేయండి:

1. ఈమెయిల్‌లోకి వెళ్లి రికవరీ నంబరు, రికవరీ ఈమెయిల్ మీవేనా చూసి సరిచేయండి. ఇది వదిలేసి పాస్‌వర్డ్ మారిస్తే, వాడు మళ్లీ రీసెట్ చేసుకుంటాడు.
2. పాస్‌వర్డ్ మార్చండి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. దొంగిలించిన కుకీలు చెల్లకుండా పోయేది ఈ రెండో పనితోనే. కొన్ని సైట్లలో పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత లాగిన్‌లు తెగవు.
3. ఫిల్టర్లు, ఫార్వార్డింగ్, అనుమతి ఉన్న యాప్‌లు, కొత్తగా చేరిన ఆథెంటికేటర్ లేదా పాస్‌కీ అన్నీ చూసి మీవి కానివి తీసేయండి.
4. బ్యాకప్ కోడ్‌లు కొత్తవి తీయండి. పాతవి వాడు కాపీ చేసుకుని ఉండవచ్చు.
5. ఆ తర్వాతే డబ్బు ఖాతాలు, సోషల్ మీడియా. డబ్బు కదిలిన జాడ ఉంటే మాత్రం ఈ వరస పక్కనపెట్టి ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి.

దొంగ ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌ను యాంటీవైరస్‌తో తుడిచి వదిలేయకుండా, ఫైళ్లు కాపీ చేసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మంచిది. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు పాత జాబితా ప్రకారం కాకుండా, ఒక్కోటీ అవసరమైనప్పుడు వేసుకోండి. పోయిన ఖాతాను తిరిగి ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లు ఈలోపు మెసేజ్‌లు పెడతారు. రికవరీ ఆయా సంస్థల సొంత పేజీల్లో ఉచితంగానే జరుగుతుంది. ఇలా అడిగేవాళ్లకు డబ్బూ ఇవ్వొద్దు, కోడ్‌లూ చెప్పొద్దు.